నాలుగు మూలల దద్దు

చెమటకాయలకు మూలమట్టం తెలుసా? వంకాయకు గీత గీయడం వచ్చా? ఆ మూడు రోజులూ సుభాషిణి ఈ ప్రశ్నలు అడగని మనిషి పామర్రులో లేడు, నిలబడి జవాబు చెప్పిన మనిషీ లేడు. ఎడమ పక్క పొట్ట మీద, బొడ్డుకు బెత్తెడు దూరంలో లేచిన ఎర్రటి దద్దుకు నాలుగు మూలలున్నాయి. అంచులు కత్తెరతో కోసినంత తిన్నగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి జాకెట్లు కత్తిరిస్తున్న మనిషికి తిన్నని అంచేదో వంకర అంచేదో ఇంకొకళ్ళు చెప్పాలా? అయినా అందరూ చెప్పారు. చెమట అన్నారు, వేడి అన్నారు, వంకాయ అన్నారు. ప్లాస్టరు ఎంత మేర అంటించారో సరిగ్గా అంత మేరే దద్దు లేచింది కదా అంటే మాత్రం, చిన్నపిల్ల మాట విన్నట్టు విని నవ్వారు.

అసలు గొడవ కంటితో మొదలైంది. ఉగాది వెళ్ళాక ఒకరోజు సూదిలోకి దారం ఎక్కిస్తుంటే ఎడమ కంట్లో నల్లటి పోగు ఒకటి అడ్డం వచ్చింది. జాకెట్టు మీద పడిందేమోనని దులిపింది. తలెత్తి గోడ వైపు చూస్తే గోడ మీదా ఉంది. విజయవాడలో కళ్ళ డాక్టరు చూసి, లోపల సన్న నరాలు చిట్లి నెత్తురు కారుతోందన్నాడు. షుగరు పైకీ కిందికీ ఊగుతున్నన్నాళ్ళూ ఇది ఆగదనీ, రెండో కన్నూ అదే దారిలో ఉందనీ చెప్పాడు. "ముందు ఆ షుగరు సంగతి తేల్చుకురామ్మా, తర్వాత నా దగ్గరికి రా" అన్నాడు.

తేల్చుకోవడమే కష్టమైపోయింది. పొద్దున్నే పరగడుపున చూస్తే షుగరు బుద్ధిమంతురాలిలా ఉంటుంది. మూణ్ణెల్ల సగటు చూసే పరీక్షలో మాత్రం ఆకాశాన ఉంటుంది. మధ్యలో ఎప్పుడు ఎక్కుతోందో, ఎందుకు ఎక్కుతోందో, గుడివాడలో ఆవిడకు ఇన్సులిన్ రాసే డాక్టరు హిమబిందుకు అంతుపట్టలేదు. గుడ్డిగా మోతాదు పెంచితే నిద్రలోనే షుగరు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చునని ఆ డాక్టరమ్మ భయం. అందుకని విజయవాడ నుంచి ఒక మిషను తెప్పించింది. పొట్ట మీద చర్మం కిందికి వెంట్రుకంత తీగ పోతుంది, దానికో వైరు, వైరు చివర పేజరంత డబ్బా. మూడు రోజులు ఒంటి మీదే ఉంచుకుంటే షుగరు ఎప్పుడెంత ఉందో లోపల్లోపలే రాసుకుంటుంది. పైకి ఒక్క ముక్క చెప్పదు. తెచ్చి కంప్యూటరుకు తగిలిస్తేనే నోరు విప్పుతుంది. ఉన్నది ఒక్క మిషను, వంతుల మీద తిరుగుతోంది. సుభాషిణి వంతు వచ్చేసరికి రోహిణి కార్తె వచ్చింది.

సోమవారం పొద్దున క్లినిక్కులో హిమబిందు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"సుభాషిణి గారూ, ఒక్కటే మాట. ఈ మూడు రోజులూ మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. మిషను పెట్టారు కదా అని తిండి తగ్గించొద్దు, నడక పెంచొద్దు. మీ మామూలు రోజే నాకు కావాలి."

"అలాగేనండి."

"అన్నం తిన్నప్పుడల్లా ఈ బొత్తాం నొక్కండి. రోజుకి నాలుగుసార్లు వేలు గుచ్చి చూసుకుని ఆ నంబరు ఇందులో ఎక్కించండి. డబ్బా తడవకూడదు, అందుకని నీళ్ళు పోసుకోవద్దు. తడిగుడ్డతో తుడుచుకోండి చాలు."

నర్సు రూతు తీగ గుచ్చి పైన పల్చటి ప్లాస్టిక్ అట్ట అంటించింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. సుభాషిణి కుట్టుమిషను తొక్కుతుందని విని, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టరు ముక్కలు ఫోటోకు ఫ్రేము కట్టినట్టు నాలుగు వైపులా గట్టిగా నొక్కి వేసింది.

"ఈ ఎండలకి చెమట పట్టి ఊడిందంటే మూడు రోజులూ బూడిదలో పోసిన పన్నీరేనండి. గట్టిగా వేశాను, ఇంక ఏనుగు లాగినా రాదు" అంది రూతు.

భర్త పిచ్చేశ్వరరావు పక్కనే నిలబడి సంతోషంగా చూశాడు. పామర్రు సెంటర్లో పురుగుమందుల కొట్టు ఆయనది. కొత్త మిషను ఏది వచ్చినా, అది స్ప్రేయరు కానీ పెళ్ళాం పొట్ట మీది డబ్బా కానీ, ఆయనకు ఒకటే సంబరం. బస్సు దిగేలోపే ఇద్దరికి చెప్పేశాడు.

సుభాషిణి ఇంటికొచ్చి చీర కుచ్చిళ్ళు కాస్త కుడికి జరిపి, లంగా బొందు ప్లాస్టరుకు తగలకుండా కిందికి కట్టుకుని, డబ్బాను తనే కుట్టుకున్న చిన్న సంచిలో వేసి నడుముకు దోపుకుని కుట్టుమిషను ముందు కూర్చుంది. పెళ్ళిళ్ళ రోజులు. లైనింగు జాకెట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, ఉన్నంతసేపే ఫ్యాను. చంక కింద జాయింటు వెయ్యడానికి ముందుకు వంగితే పొట్ట మడత పడుతుంది, మడత పడినప్పుడల్లా ప్లాస్టరు అంచు కరుస్తుంది. నాలుగు జాకెట్లకు చేతులు ఎక్కించేసరికి ఆ అంచు పొడుగునా చీమలు బారు కట్టినట్టు దురద మొదలైంది. లోపల తీగ ఉన్నచోట ఏమీ లేదు. ప్లాస్టరు ఉన్నచోటే, ప్లాస్టరు ఉన్నంతమేరే దురద.

దీపాలు పెట్టే వేళకు దురద మంటగా మారింది. క్లినిక్కుకు ఫోన్ చేస్తే రూతు ఎత్తింది.

"అందరికీ ఇదే వేస్తున్నామండి, ఎవరికీ ఏం కాలేదు. మీది చెమటకి అయ్యుంటుంది. ఒళ్ళు శుభ్రంగా ఉంచుకోండి."

"ఒక్కసారి డాక్టరు గారు చూస్తారేమో, రేపు పొద్దున్నే వస్తానండి."

"ఓపీ నిండా జనమండి. ఎలాగూ గురువారం వస్తున్నారు కదా. తీసెయ్యొద్దు మాత్రం, మీకు పుణ్యముంటుంది!"

ఫోన్ పెట్టేశాక సుభాషిణికి ఒళ్ళు మండిపోయింది, దద్దు ఉన్నచోటా లేనిచోటా కూడా. నీళ్ళు పోసుకోవద్దన్నది వాళ్ళే, శుభ్రంగా ఉండమన్నదీ వాళ్ళే! పూటకోసారి నీళ్ళు పోసుకుంటే తప్ప గుడ్డ ముట్టుకోని మనిషి. పెళ్ళికూతుళ్ళ పట్టు జాకెట్ల మీద ఒక్క చెమట మరక పడకుండా ఇన్నేళ్ళు కుట్టిన మనిషి. ఆ మనిషితోనా శుభ్రం గురించి మాట్లాడేది?

"ఏమండీ, ఒక్కసారి ఇటొచ్చి చూడండి" అని పిలిచింది.

పిచ్చేశ్వరరావు టీవీ ముందు నుంచి లేవలేదు. "చూడ్డానికేముంది? ప్లాస్టరన్నాక కాస్త దురద పెట్టదూ? మూడు రోజులే కదా, ఓర్చుకో."

దోమ కుడితే ఇల్లు పీకి పందిరేసే మనిషి చెప్పాడా మాట!  

మర్నాటి పొద్దున లేచి చూసుకుంటే ప్లాస్టరు అంచు బయట కూడా ఎర్రటి గీత పడి, దాని మీద సన్నగా నీటి బుగ్గలు లేచాయి. మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి పౌడరు వేసుకోమన్నారు. పౌడరు వేసుకుంటే మంట రెట్టింపయింది. పిచ్చేశ్వరరావు కొట్లో కూర్చుని ఈ వార్త పది గ్రామాల రైతులకూ చేరవేశాడు. మందు డబ్బాల కోసం వచ్చినవాళ్ళు సాయంత్రానికి వైద్యులై ఇంటి గుమ్మం ముందు నుంచి వెళుతూ తలో మాటా పడేశారు. వేపాకు నూరి పూయమని ఒకరు, ఉల్లిరసం రాయమని ఒకరు. బసవపున్నయ్య అనే పెద్దాయన అయితే, అది ఒంటికి మంచిదేననీ, లోపలి విషమంతా బయటికి వస్తోందనీ అభినందించి మరీ వెళ్ళాడు.

చూసినవాళ్ళు మాత్రం లేరు. చూసింది నాంచారమ్మ ఒక్కతే.

నాంచారమ్మ సుభాషిణికి అత్తగారు. పుట్టిల్లు నాగాయలంక. తుపానులు, కలరాలు, కోడలి పురుళ్ళు అన్నీ చూసిన మనిషి; తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనిషి. కోడలు కుట్టుపనిలో ఉంటే వంటిల్లు ఆవిడ చేతిలోనే. ఆ మంగళవారం పొద్దున్నే ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కోడల్ని మంచం మీద పడుకోమని, కళ్ళజోడు పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు తప్పించి, అది చాలదన్నట్టు టార్చిలైటు వేసి నాలుగు వైపుల నుంచీ పరీక్షగా చూసింది. వేలితో అంచు వెంబడి మెల్లగా తడిమింది. వంగి వాసన కూడా చూసింది.

"ఇది చెమటకాయలు కాదే" అంది చివరికి.

సుభాషిణికి ప్రాణం లేచివచ్చింది. "ప్లాస్టరు వల్లే కదూ అత్తయ్యా?"

"ప్లాస్టరేం చేస్తదే, జిగురు పూసిన గుడ్డముక్క! ఒంట్లో వేడి. వేడికి ఎక్కడ దారి దొరికితే అక్కడ బయటికొస్తది. మూత పెట్టినచోట ఆవిరి కమ్మినట్టు అక్కడ కమ్మింది. ఆదివారం గుత్తివంకాయ తిన్నావా లేదా?"

"అందరం తిన్నాం కదా! వంకాయకి గీత గీయడం వచ్చా అత్తయ్యా, ఇంత తిన్నగా రావడానికి?"

"అందరి పొట్టకీ తీగ గుచ్చారా?" అని అడిగింది నాంచారమ్మ.  "నోరు మూసుకుని రేపు పొద్దుటిదాకా కాదు, ఎల్లుండి దాకా నేను పెట్టింది తిను. పత్తెం చేస్తే పందిలాంటి రోగమైనా పారిపోవాల్సిందే."

అలా పథ్యం మొదలైంది. వంకాయ, గోంగూర, గుడ్డు, ఎండురొయ్యలు ఆ ఇంటి గడప దాటకూడదన్నది మొదటి ఆజ్ఞ. టీ వేడి చేస్తుంది కనక బస్టాండు హోటలు నుంచి పూటకు రెండుసార్లు వచ్చే టీ కూజాను వెనక్కి పంపేసింది. సాయంత్రం బండి మీది మిరపకాయ బజ్జీ గురించి ఇక చెప్పేదేముంది. పెళ్ళి జాకెట్లు పట్టుకెళ్ళేవాళ్ళు కుట్టినావిడకు తాంబూలంతో పాటు బందరు లడ్డూలు పెట్టి వెళ్ళడం ఆ వైపు మర్యాద. అవి చేతికి అందకుండా డబ్బాలో పెట్టి అటక ఎక్కించింది. పాతబియ్యం అన్నం గుప్పెడు, పొట్లకాయ పెసరపప్పు, మిరియాల చారు. రాత్రికి పొద్దుండగానే రెండు ఇడ్లీలు. అంతే.

ఆ ఇంట్లో పథ్యం తిండి కింద లెక్క కాదు, మందు కింద లెక్క. తిండి తగ్గించావా అని ఎవరైనా అడిగితే అబ్బే లేదంటారు, పథ్యం చేస్తున్నామంటారు. మందు సంగతితో షుగరు రాసుకునే డబ్బాకేం పని? పథ్యమూ తిండి తగ్గించడమూ ఒకటేనన్న అనుమానం సుభాషిణికి కూడా రాలేదు. ఎదురు చెప్పి, కేకలు పడి, చివరికి అత్తగారు చెప్పిందే చేసే బదులు ఎదురు చెప్పకుండానే చేసేద్దామనుకుంది. దురద మనిషిని అంత మెత్తబరుస్తుంది. విస్తట్లో పొట్లకాయ పప్పు పడినప్పుడల్లా డాక్టరు చెప్పినట్టే బొత్తాం నొక్కింది. వేళకు వేలు గుచ్చుకుంది, నంబరు ఎక్కించింది. ఒక్కటీ తప్పలేదు.

బుధవారం అన్నిటికంటే దుర్మార్గమైన రోజు. పొద్దున్నే రోజా వచ్చింది. కాన్వెంటులో టీచరు, చెల్లెలి పెళ్ళికి ఏకంగా ఏడు జాకెట్లు ఇచ్చింది. కొలతలు సరిచూడడానికి సుభాషిణి టేపు పట్టుకుని లేచి నిలబడేసరికి కుచ్చిళ్ళు పక్కకు తప్పుకుని ప్లాస్టరూ, దాని చుట్టూ బుగ్గలెక్కి రసి కారుతున్న ఎర్రటి చర్మమూ కనిపించాయి. రోజా ఒక అడుగు వెనక్కి వేసింది.

"అయ్యో, అదేంటండీ సుభాషిణి గారూ? అంటుకునేదా?"

"కాదమ్మా, ప్లాస్టరు పడలేదు."

"అలాగాండీ." ఆవిడ కళ్ళు మిషను మీది పట్టు గుడ్డల మీదికి వెళ్ళాయి. "మరేం అనుకోకండి, ఇంట్లో పెళ్ళికూతురుంది. మీరు రెస్టు తీసుకోండి. ఇంకా కత్తిరించనివి నాలుగున్నాయి కదా, అవి గుడివాడలో ఇచ్చుకుంటాను."

తీసుకుపోయింది. వెళుతూ వెళుతూ కుట్టిన మూడింటినీ కవరులో పెట్టి, ఆ కవరును మరో కవరులో పెట్టుకుంది. ఆ రెండో కవరు చూసి సుభాషిణికి ఏడుపొచ్చింది. తప్పు చేసిందెవరు, అంటరానిదయిందెవరు! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా?

ఆ కోపంలో మిషను ముందు కూర్చుంటే జాకెట్టు ఎడమ చెయ్యి కుడి వైపు, కుడి చెయ్యి ఎడమ వైపు ఎక్కించింది. ఎప్పుడో పని నేర్చుకునే రోజుల్లో చేసిన తప్పు. కుట్టు విప్పడానికి బ్లేడు తీసుకుంది. చెమట కాలవ కట్టి ప్లాస్టరు కిందికి దిగుతోంది. దిగినచోటల్లా కారం చల్లినట్టుంది. చేతిలో బ్లేడు చేతిలోనే ఉంది. చీర పక్కకు తోసింది. ప్లాస్టరు ఒక మూల కాస్త లేచి ఉంది. గోటితో ఆ మూల పట్టుకుని లాగింది. చల్లటి గాలి తగిలి, అబ్బ, ప్రాణం ఎక్కడికో వెళ్ళి వచ్చినంత హాయిగా అనిపించింది. ఇంకొక్క లాగు లాగితే మొత్తం ఊడి వచ్చేది. డబ్బా, వైరు, తీగ అన్నీ కలిపి పెంటకుప్ప మీద పడేద్దును అనుకుంది. నిజంగానే అనుకుంది.

ఆ మూల వైపు కిందికి చూస్తున్న కంట్లో నల్లపోగు అడ్డంగా తేలింది. మెల్లగా ఎడమ నుంచి కుడికి వెళ్ళి, చూపుతో పాటు ఆగింది. మొదట్లో ఒక్క పోగే ఉండేది. ఇప్పుడు దానికి చిన్న కొమ్మ కూడా ఉంది.

కళ్ళు పోతే ఏముంటుంది తనకు? కత్తెర పట్టుకోవడం తప్ప ఇంకో విద్య రాదు. పొద్దుపోయేదాకా ఈ కిటికీ పక్కన కూర్చుని, వచ్చేపోయే వాళ్ళతో నాలుగు మాటలాడుతూ, తన చేతి పని నలుగురి ఒంటి మీద చూసుకోవడం తప్ప ఇంకో సంతోషం తెలియదు. సుభాషిణి లేచిన మూలను మళ్ళీ బొటనవేలితో నొక్కి అంటించింది. పళ్ళు బిగించి గట్టిగా నొక్కింది. తర్వాత బ్లేడు తీసుకుని చేతుల కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

గురువారం పొద్దున గుడివాడ బస్సు ముగ్గురూ ఎక్కారు. నాంచారమ్మ తానూ వస్తానంది. "తగ్గిందంటే డాక్టరమ్మ ఘనత, తగ్గకపోతే నా పత్తెం లోపం అంటారు. నేనూ ఉంటే తేలిపోద్ది" అని ఆవిడ వాదన.

క్లినిక్కులో రూతు ప్లాస్టరు లాగితే దాంతోపాటు చర్మం పొర లేచివచ్చింది. సుభాషిణి బల్ల అంచు పట్టుకుని అరుపు మింగేసింది.

"అమ్మో, ఇంతలా వచ్చిందేంటండీ! ముందే చెప్పొచ్చుగా?" అంది రూతు.

చెప్పొచ్చుగా! సుభాషిణి ఆ పిల్ల మొహం వైపు చూసింది. నిజంగానే మర్చిపోయినట్టుంది. రోజుకు ఎన్ని ఫోన్లు వస్తాయో, ఎంతమందికి చెమట అని చెబుతుందో. రూతు గబగబా దూది, మందు పెట్టి పైన గాజుగుడ్డ కప్పి పంపేసింది.

లోపల హిమబిందు డబ్బాను కంప్యూటరుకు తగిలించి తెర వైపు చూస్తోంది. చూసేకొద్దీ మొహం విప్పారింది. తెరను ఇటు తిప్పింది. మూడు రంగుల్లో మూడు గీతలు. మొదటి రోజు గీత రాత్రి దాకా కాస్త ఎగిరి పడింది, ఆ తర్వాతవి కాలవ గట్టులా చదునుగా ఉన్నాయి.

"చాలా బాగుంది సుభాషిణి గారూ! నేను అనవసరంగా కంగారుపడ్డాను. సోమవారం ఒక్కటీ కాస్త పెరిగింది, ఆ రోజు ప్రయాణం, హడావుడి ఉన్నాయి కదా. తర్వాత ఎక్కడా ఎక్కలేదు. పైగా రాత్రిపూట మరీ కిందికి దిగుతోంది. రాత్రి ఇన్సులిన్ తగ్గించేద్దాం."

పిచ్చేశ్వరరావు నవ్వుతూ తల ఊపాడు. సుభాషిణికి కూడా ఒక్క క్షణం గుండె తేలికయింది. మరి కంట్లో నెత్తురు ఎందుకు కారుతున్నట్టు అన్న అనుమానం వెనకాలే వచ్చింది. అడిగేలోపే నాంచారమ్మ అందుకుంది.

"తగ్గదా మరి! పత్తెం అలాంటిది! మంగళవారం నుంచీ పొట్లకాయ, పెసరపప్పు తప్ప ఇంకోటి ముట్టనిస్తేనా? టీ చుక్క లేదు, లడ్డూ ముక్క లేదు. రాత్రికి రెండిడ్లీలు, అంతే. మా కోడలు గుటకలు మింగిందమ్మా, అయినా నేను ఒప్పుకోలా!"

హిమబిందు కలం కాగితం మీద ఆగిపోయింది.

"పత్తెమా? ఎందుకు?"

"దద్దు లేచింది కదమ్మా ఒంటి మీద. వేడి చేసి."

"సుభాషిణి గారూ, నేను మీకేం చెప్పాను? మామూలుగా తినమన్నానా లేదా?"

"తిన్నానండి. తిన్నప్పుడల్లా బొత్తాం కూడా నొక్కాను."

"ఏం తిన్నారు?"

"పథ్యం" అంది సుభాషిణి. మాట నోట్లోంచి బయటపడ్డాక గానీ అదేమిటో ఆవిడకు అర్థం కాలేదు. తెర మీది గీతల వైపు చూసింది. అవి తన రోజులు కావు. టీ కూజా లేని రోజులు, లడ్డూలు అటకెక్కిన రోజులు, పొద్దుగూకకుండానే అన్నాలు అయిపోయిన రోజులు. ఆ గీతలు చూసి ఇన్సులిన్ తగ్గించి, ఇంటికెళ్ళి మళ్ళీ తన మామూలు రోజుల్లో పడితే, ఆ నల్లపోగుకు ఎన్ని కొమ్మలు వచ్చేవో!

హిమబిందుకూ అదే తట్టినట్టుంది. కోపంతో ఆవిడ గొంతు లేచింది. ఆ కోపం నేరుగా నాంచారమ్మ మీద పడింది.

"పెద్దవారు, మీకు తెలియకపోతే అడగాలి కదండీ! ఇలా సొంత వైద్యాలు చేసే కళ్ళు పోగొట్టుకుని వస్తున్నారు జనం. ఇది నమ్మి నేను మందు తగ్గించి ఉంటే ఏమయ్యేది? మూడు రోజుల పరీక్ష మొత్తం పాడు చేశారు మీరు!"

"మా అమ్మ ఎవరు చెప్పినా వినదండి" అన్నాడు పిచ్చేశ్వరరావు వెంటనే.

 నాంచారమ్మ కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది. ఆ ముసలావిడ అంత చిన్నగా కనిపించడం సుభాషిణి ఎన్నడూ చూడలేదు. ఈ మాట ఎవరైనా ఆవిడ మొహం మీద అంటే బాగుండునని రెండు రోజులుగా తనే ఎన్నిసార్లు అనుకుందో. తీరా ఇప్పుడు అంటుంటే వినలేకపోయింది.

"ఆవిణ్ణేం అనకండి డాక్టరు గారూ" అంది.  "సోమవారం సాయంత్రమే ఫోన్ చేశాను, మంటగా ఉందని. శుభ్రంగా ఉండమన్నారు. మంగళవారం మళ్ళీ చేశాను. పౌడరు వేసుకోమన్నారు. ఒక్కసారి చూడండీ అని ఈయన్నడిగితే ఓర్చుకోమన్నారు. ఓర్చుకోమన్నవాళ్ళే అందరూ, చూసినవాళ్ళు లేరు. కళ్ళజోడు పెట్టుకుని, టార్చిలైటు వేసుకుని, చేత్తో తడిమి చూసింది ఈవిడొక్కతే. తప్పే చూసింది. అయినా చూసింది."

 హిమబిందు తలుపు దగ్గర నిలబడ్డ రూతు వైపు చూసింది.

"ఓపీ హడావుడిలో మీకు చెప్పడం మర్చిపోయాను మేడమ్" అంది రూతు చిన్నగా.

హిమబిందు కుర్చీలోంచి లేచింది. సుభాషిణిని బల్ల మీద పడుకోబెట్టి, గాజుగుడ్డ తొలగించి, దీపం దగ్గరికి లాగి చూసింది. చాలాసేపు చూసింది.

"జిగురు" అంది. "ప్లాస్టరు జిగురు మీకు పడలేదు. చెమటా కాదు, వేడీ కాదు. ఫోన్ చేసిన రోజే చూసి ఉండాల్సింది."

"అదేనండీ నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది" అంది సుభాషిణి. ఇంతకాలానికి ఒక మనిషి ఒప్పుకుంటే గెలిచినట్టుంటుందనుకుంది. అలా ఏమీ లేదు.

"ఈ లెక్క పనికిరాదు. మందు ఇప్పుడు ముట్టుకోను" అంటూ హిమబిందు చేతులు కడుక్కుంది. "మిషను సోమవారం దాకా ఖాళీగానే ఉంది. ఆ తర్వాత విజయవాడ వెళ్ళిపోతుంది, మీ వంతు మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేను. కుడి పక్కన పెట్టొచ్చు. కాగితంలా ఉండే టేపు వేరే ఉంది. కానీ అది మీకు పడుతుందో లేదో ముందు చేతి మీద ఓ ముక్క వేసి రెండు మూడు రోజులు చూడాలి, అంత వ్యవధి లేదు. మళ్ళీ ఇలాగే అయినా ఆశ్చర్యం లేదు. ఈ ఒంటితో మిమ్మల్ని పెట్టుకోమని నేను అనలేను."

"అక్కర్లేదండి, పుండు మాననివ్వండి, ఇంకెప్పుడైనా చూద్దాం" అన్నాడు పిచ్చేశ్వరరావు.

సుభాషిణి బల్ల మీద లేచి కూర్చుంది. రాత్రల్లా గంటలు లెక్కపెట్టుకుంది, ఇది ఎప్పుడు ఊడుతుందా అని. ఊడిపోయి అరగంట కాలేదు. పుండు మీద ఫ్యాను గాలి చల్లగా తగులుతోంది. ఇంటికి వెళ్ళి తలారా నీళ్ళు పోసుకోవచ్చు, లంగా బొందు మామూలుగా కట్టుకోవచ్చు.

చీర కుచ్చిళ్ళు ఈసారి ఎడమకు జరుపుకుంది.

"ఇటు పెట్టండి" అంది. "ఇవ్వాళే పెట్టండి. కానీ నేను ఫోన్ చేస్తే మాత్రం మీరు చూడాలి."

హిమబిందు మందుచీటీ మీద తన సొంత సెల్ నంబరు రాసి ఇచ్చింది. ప్లాస్టరు కూడా రూతును వెయ్యనివ్వలేదు, తనే వేసింది. ఎంత తక్కువ వేస్తే నిలుస్తుందో అంతే వేసింది.

తిరుగు బస్సులో పిచ్చేశ్వరరావుకు ముందు సీటు దొరికింది. అత్తాకోడళ్ళు వెనక సీట్లో కూర్చున్నారు.   నాంచారమ్మ అంతసేపు నోరు మెదపకుండా ఉండడం సుభాషిణికి దురద కంటే ఇబ్బందిగా ఉంది. పామర్రు ఇంకాస్త దూరం ఉందనగా ముసలావిడ కిటికీ వైపే చూస్తూ అడిగింది.

"నీ కళ్ళు పోయే పనే చేశానంటావా?"

"పోలేదుగా అత్తయ్యా. రోజూ ఏం వండుతారో ఇవ్వాళా అదే వండండి. టీ కుర్రాణ్ణి మళ్ళీ రమ్మనండి. ఇంకేం మార్చకండి."

"మళ్ళీ ఒళ్ళు పేలితే?"

"పేలితే మీరే చూద్దురు గాని."

"చూసి?"

"చూసి ఊరుకోండి."